గుసుల్‌ఖానాలో విషమెందుకు?

జుమా రోజు చేసే గుసుల్‌కు మన ధర్మంలో ఎంతటి ప్రాధాన్యం ఉన్నదో ఈ పేజీ పాఠకులకు వేరుగా చెప్పనక్కర లేదు. శుభ్రత విశ్వాసంలో సగభాగమన్న దైవప్రవక్త (స) బోధ మన పిల్లలకు సైతం నోటికి వచ్చు. ఫిఖ్‌హ్ గ్రంథాలు తెరిస్తే మొట్టమొదటి అధ్యాయం తహారత్ మీదనే ఉంటుంది. నమాజుకు వుజూ కావాలి, వుజూకు పరిశుద్ధమైన నీరు కావాలి, ఆ నీరు వాడుకునే చోటు కూడా పరిశుభ్రంగా ఉండాలి. ఇంతవరకు ఎవరికీ భేదాభిప్రాయం లేదు. అయితే ఆ శుభ్రత పేరుతోనే మన ఇళ్ళ గుసుల్‌ఖానాల్లోకి ఏమేమి వచ్చి చేరుతున్నాయో ఒక్కసారి తలుపు తీసి చూడమని మేము కోరుతున్నాము.

ఒక మూల యాసిడ్ సీసా. దాని పక్కన బ్లీచింగ్ పొడి పొట్లం. తూము మీద రెండు కలరా ఉండలు. గూట్లో ఫినాయిలు, గోడకు వేలాడే సువాసన బిళ్ళ, క్రిములను చంపుతుందని అట్ట మీద రాసి ఉన్న సబ్బు. ఇన్నింటి మధ్య నిలబడి మనం 'బిస్మిల్లాహ్' అనుకుంటూ స్నానానికి సిద్ధమవుతాము!

నల్గొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల్లో ఏ మొహల్లాకు వెళ్ళినా ఇదే తంతు. (2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాల నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు వేరుపడ్డాయి. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. అయినా మా నోటికి పాత పేర్లే వస్తాయి, పాఠకులు మన్నించాలి.) వాడవాడకు సైకిళ్ళ మీద, తోపుడు బండ్ల మీద యాసిడ్ వస్తుంది. వాడేసిన శీతల పానీయాల సీసాల్లో పోసి అమ్ముతారు. ఆ సీసా మీద పేరు ఉండదు, హెచ్చరిక ఉండదు. దాహంతో ఆటల నుంచి పరుగెత్తుకొచ్చిన నాలుగేళ్ళ పిల్లవాడికి అందులో ఉన్నది నీళ్ళో మరొకటో ఎలా తెలుస్తుంది?

ఈ యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మూత తీయగానే దాని పొగ కళ్ళను మండిస్తుంది, గొంతు పట్టేస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఊపిరి ఆడనివ్వదు. మన ఇళ్ళలో దీనికి మరొక చిక్కు తోడవుతున్నది. పర్దా కోసమని మనం గుసుల్‌ఖానాకు కిటికీ పెట్టము. పెట్టినా జానెడు వెంటిలేటర్. దానికీ అట్టముక్కో, పాత గుడ్డో అడ్డం పెడతాము. లోపల పుట్టిన పొగ బయటికి పోయే దారి లేదు. ఆ పొగలో వంగి కూర్చొని, చెప్పులు లేని కాళ్ళతో, గ్లవ్స్ లేని చేతులతో బండను రుద్దేది ఎవరు? ఇంటి కోడలు, లేదా పనికొచ్చే పేద ఆడమనిషి. గర్భిణులు కూడా ఈ పని చేస్తున్నారు. ఇతరులకు హాని చేయవద్దు, హానికి బదులు హాని చేయవద్దు అన్నది దైవప్రవక్త (స) మనకిచ్చిన సూత్రం. ఇబ్నె మాజా, మువత్తా గ్రంథాల్లో ఉన్న ఈ హదీసు మీద ఫుఖహాలు ఎన్నో తీర్పులను నిలబెట్టారు. దాన్ని వ్యాపారంలో, ఇరుగుపొరుగు తగాదాల్లో గుర్తు చేసుకునే మనం సొంత ఇంటి స్నానాల గది దగ్గర మాత్రం మరచిపోతున్నాము.

యాసిడ్‌తో మరక పోలేదని దాని మీదనే బ్లీచింగ్ పొడి చల్లేవారున్నారు. ఇంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి లేదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదకు వదిలింది ఆ వాయువునే. మూసిన గదిలో అది కొన్ని క్షణాల్లోనే మనిషిని కూలదోయగలదు. బ్లీచింగ్ పొడి ఒక్కటే అయితే దాని ఉపయోగం దానికుంది. బావినీటిలో, ట్యాంకులో తగు మోతాదులో వేస్తే కలరా, టైఫాయిడ్ క్రిములు చస్తాయి. దాన్ని మేము తప్పుపట్టడం లేదు. యాసిడ్‌తో గాని, మూత్రం నిలిచిన చోట గాని దాన్ని కలపవద్దనే మా మనవి.

యాసిడ్ వల్ల కలిగే మరొక ఘోరం అందరికీ తెలిసిందే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన దాడిని తెలుగు ప్రజలు మరువలేదు. 2013 జూలైలో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాలకు కట్టుబాట్లు విధించింది. కొన్నవారి పేరు, చిరునామా రిజిస్టరులో రాసుకోవాలి, గుర్తింపు చూపాలి, 18 ఏళ్ళు నిండనివారికి అమ్మరాదు. మరి సైకిలు మీద వచ్చే యాసిడ్‌కు ఏ రిజిస్టరు ఉంది? అడిగి కొనేవారు ఉన్నంతకాలం అమ్మేవారు ఉంటారు.

ఇక అసలు విషయానికి వద్దాము. యాసిడ్ పోసి మనం శుభ్రం చేస్తున్నామనుకుంటున్న ఆ బండ ఏమిటి? మన రెండు జిల్లాల ఇళ్ళలో స్నానాల గదికి చాలావరకు పరిచేవి షాబాద్ బండలు, తాండూరు నాపరాళ్ళు. షాబాద్ నేడు కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది, తాండూరు వికారాబాద్ జిల్లాలో. ఒకప్పుడు రెండూ నిజాం రాజ్యంలోనివే. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని కొడంగల్‌కు తాండూరు కూతవేటు దూరం. బీద ఇల్లు, కలిగిన ఇల్లు అన్న తేడా లేకుండా మన పెద్దలు ఈ బండలే వేసుకున్నారు. ఎండకాలం చల్లగా ఉంటుంది, తడిసినా పాలిష్ పెట్టని బండ మీద కాలు జారదు, నలభై యేండ్లయినా చెక్కుచెదరదు.

అయితే ఈ నాపరాయి సున్నపురాయి. రసాయన శాస్త్రంలో దాన్ని కాల్షియం కార్బొనేట్ అంటారు. మన బోరునీళ్ళు చాలాచోట్ల ఉప్పునీళ్ళు, అంటే కఠిన జలాలు. అవి ఆరిపోయిన చోట తెల్లగా పేరుకునే చార కూడా ముఖ్యంగా కాల్షియం కార్బొనేటే. ఇక్కడే ఉంది కిటుకంతా. చారను కరిగించేది బండను కూడా కరిగిస్తుంది. యాసిడ్ పోయగానే బుసబుస పొంగుతుంటే మురికి పోతున్నదని మనం సంతోషిస్తాము. పొంగుతున్నది మురికి కాదు, బండ! ఆ పొంగు అయిపోయాక బండ పైపొర గరుకై, కంటికి కనిపించని గుంతలు పడతాయి. ఆ గుంతల్లో సబ్బు జిడ్డు, పాచి మరింత గట్టిగా పట్టుకుంటాయి. వచ్చే నెల మరింత యాసిడ్ కావాల్సి వస్తుంది. పదేండ్లు ఇలా చేస్తే సందుల్లోని సిమెంటు కూడా తినేసి బండలు కదులుతాయి, నీళ్ళు పునాదిలోకి దిగుతాయి. అప్పుడు బండలు తీయించి టైల్స్ వేయిస్తాము. నున్నని టైల్స్ మీద తడికాలు జారి ముసలమ్మ తుంటి ఎముక విరుగుతుంది.

ఈ మధ్య కొందరు 'సహజమైన పద్ధతి' అంటూ సిర్కా, నిమ్మకాయ వాడమని చెబుతున్నారు. సిర్కా తినడానికి ఎంతో మంచిది, దైవప్రవక్త (స) ఇష్టపడిన వ్యంజనం. కాని నాపరాయి మీద సిర్కా కూడా ఆమ్లమే, నిమ్మరసం కూడా ఆమ్లమే. పని నెమ్మదిగా జరుగుతుంది, అంతే తేడా. మీ బండ ఏ రాయో తెలియకపోతే కనిపించని మూలన ఒక చుక్క నిమ్మరసం వేసి పావుగంట తర్వాత తుడిచి చూడండి. మెరుపు పోయి మచ్చపడితే అది సున్నపురాయి. మన గుట్టల్లో దొరికే గ్రానైటుకు అలా మచ్చపడదు. నిమ్మ ఉప్పును పింగాణీ కమోడ్ మీద చారకు నిశ్చింతగా వాడవచ్చు, పింగాణీని అది తినదు. నల్లాల మీద చార ఉంటే నిమ్మచెక్కతో రుద్ది వెంటనే కడగండి, బండ మీద పడనివ్వకండి.

మరి నాపరాళ్ళకు ఏమి వాడాలి? జవాబు మన అడవిలోనే ఉంది. కుంకుడుకాయ!

నల్లమల చెంచులు తేనె, బంక వంటివాటితో పాటు కుంకుడుకాయ ఏరుకొచ్చి అమ్ముకుంటారు. మన సంతల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. మామూలు సబ్బు కఠిన జలంలోని కాల్షియంతో కలిసి తెల్లటి జిడ్డు పెరుగులా విరిగిపోతుంది. బకెట్టు అంచున, బండ మీద పట్టుకునేది ఆ జిడ్డే. కుంకుడు నురగ అలా విరగదు, ఎందుకంటే అందులో ఉండేది సబ్బు కాదు, సపోనిన్ అనే మరొక పదార్థం. కాబట్టి మన ఉప్పునీళ్ళకు దేవుడు మన నేల మీదనే మందు మొలిపించాడని చెప్పవచ్చు. గింజ తీసిన గుప్పెడు పెచ్చులను రాత్రి నానబెట్టి, పొద్దున వేడి చేసి, పిసికి వడగట్టండి. ఆ రసం బండ మీద చల్లి కొబ్బరిపీచుతో రుద్దండి. పాచి ముదిరిన చోట కాస్త తినే సోడా చల్లి రుద్దితే ఊడివస్తుంది. సోడా క్షారం కాబట్టి బండను తినదు. కడిగిన తర్వాత నీళ్ళను చీపురుతో తూములోకి తోసి ఆరనిస్తే అసలు చార కట్టే అవకాశమే తక్కువ. రోజూ ఆఖరున స్నానం చేసినవారు ఈ ఒక్క పని చేస్తే యాసిడ్ బండి ఎదురుచూడాల్సిన అవసరం రాదు. కుంకుడు రసం రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది కనుక ఎక్కువ కాచి పెట్టుకోకండి. కంట్లో పడితే భగ్గుమంటుందని తలంటుకున్న ప్రతి పిల్లకూ తెలుసు. చెరువులోకి మాత్రం పోనివ్వకండి, కుంకుడు రసం చేపలకు విషం.

రేగు ఆకు సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్ళలో మయ్యత్‌కు గుసుల్ ఇచ్చేటప్పుడు రేగు ఆకు వేసి కాచిన నీళ్ళు వాడటం తరతరాలుగా వస్తున్న ఆచారం. దైవప్రవక్త (స) తమ కుమార్తె మరణించినప్పుడు 'సిద్ర్' ఆకు కలిపిన నీటితో బేసి సంఖ్యలో స్నానం చేయించమని, చివరిసారి కర్పూరం కలపమని హజ్రత్ ఉమ్మె అతియ్యా (ర) తదితర స్త్రీలను ఆదేశించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అరేబియాలోని సిద్ర్, మన రేగు ఒకే కుటుంబంలోని దగ్గర చుట్టాలు. అయితే సిద్ర్ చనిపోయినవారికి మాత్రమే అన్న భావం మనలో ఎలా పాతుకుపోయిందో తెలియదు. బహిష్టు ముగిసిన స్త్రీ నీళ్ళు, సిద్ర్ తీసుకొని చక్కగా శుభ్రపడాలని దైవప్రవక్త (స) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ఇస్లాం స్వీకరించిన ఖైస్ బిన్ ఆసిం (ర)ను నీరు, సిద్ర్‌తో స్నానం చేయమని ఆదేశించినట్లు అబూ దావూద్‌లో ఉంది. అంటే అది బతికున్నవారి స్నానానికి కూడా వాడిన వస్తువు. మన పొలం గట్ల మీద, గుట్టల మీద రేగు కంపలకు కొదవ లేదు. ఎండకు కూడా చావని చెట్టది. ఆకు నూరి నీళ్ళలో కలిపితే జిగురుగా, కొద్దిపాటి నురగతో తలకూ ఒంటికీ పట్టుకుంటుంది. పల్లెల్లో పెద్దవయసు ఆడవారిని అడగండి, చెబుతారు. ప్రాణం పోయిన తర్వాత రేగు ఆకు, ప్రాణమున్నప్పుడు రంగు సీసా. ఇదేమి న్యాయమో మాకు బోధపడదు.

క్రిములను చంపే సబ్బు మాటేమిటని కొందరు అడగవచ్చు. ట్రైక్లోసాన్ అనే మందు కలిపిన అలాంటి సబ్బులు ఇంట్లో వాడుకోవడానికి మామూలు సబ్బు, నీళ్ళ కంటే ఎక్కువ మేలు చేస్తాయని తయారీదారులు నిరూపించలేకపోయారని 2016లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తేల్చింది. వాటి అమ్మకాన్ని అక్కడ ఆపివేయించింది. మామూలు సబ్బు చాలు, కుంకుడు ఉంటే మరీ మంచిది.

కలరా ఉండల విషయంలో పసిపిల్లల తల్లులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. పుట్టుకతోనే రక్తంలో జి6పిడి అనే ఎంజైము తక్కువగా ఉండే పిల్లలుంటారు. నాఫ్తలీన్ ఉండల వాసన పట్టిన బట్టలు తొడిగినా అలాంటి శిశువుల ఎర్ర రక్తకణాలు పగిలి పచ్చకామెర్లు రావచ్చు. లోపం ఉన్నదని ముందుగా తెలిసే ఇళ్ళు ఎన్ని? కాబట్టి అసలు ఆ ఉండలే వద్దు. తూములో వాసన వస్తుంటే దాని కారణం వెతకాలి గాని దాని మీద మరో వాసన కప్పకూడదు. ఎండు వేపాకు బట్టల అరలో పెట్టుకోండి. ఇంటికి పరిమళం కావాలంటే మన ఊదు, అత్తరు ఉండనే ఉన్నాయి, అదీ తలుపు తీసి ఉంచినప్పుడు.

ఇంతమాత్రాన చెట్టు నుంచి, మట్టి నుంచి వచ్చినదంతా అమృతమని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. గూట్లో పెట్టుకునే సుర్మా సంగతే చూడండి. హదీసుల్లో చెప్పిన ఇస్మిద్ పేరుతో నేడు బజారులో అమ్మే సుర్మాలు చాలావరకు సీసం ఖనిజపు పొడి. సీసం పసివారి మెదడుకు శత్రువు. కన్ను తుడుచుకున్న చేయి నోట్లో పెట్టుకుంటే చాలు. పిల్లలకు సుర్మా పెట్టే ముందు నిదానించి ఆలోచించండి. పెళ్ళిళ్ళలో పెట్టే 'నల్ల మెహందీ' కూడా అంతే. గోరింటాకు ఎర్రగా పండుతుంది గాని నల్లగా పండదు. అరగంటలో నల్లబడేదాంట్లో జుట్టుకు వేసే రంగు మందు కలిపి ఉంటుంది, కొందరికి చేతులు బొబ్బలెక్కుతాయి. కర్పూరం మింగితే పిల్లలకు ఫిట్స్ వస్తాయి. పొడిసున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు.

సున్నం మాట వచ్చింది కనుక గోడల గురించి కూడా చెబుతాము. గుసుల్‌ఖానాలో నీళ్ళు చిందే మేరకు, అంటే భుజాల ఎత్తు వరకు బండ వేసి, పైన సున్నం కొట్టుకోవడం మేలు. సున్నపు గోడ తేమను పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని క్షారగుణం వల్ల బూజు తొందరగా పట్టదు. ఆయిలు పెయింటు తేమను లోపలే బంధిస్తుంది, పొక్కులు పోయి పెచ్చులూడుతుంది. పైగా పాత పెయింటు పొరల్లో సీసం ఉండే అవకాశముంది. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న కేంద్ర ప్రభుత్వ నియమం 2016లో వచ్చి మరుసటి సంవత్సరం అమలయింది. అంతకుముందు వేసిన రంగును ఉప్పుకాగితంతో గీకేటప్పుడు ఆ ధూళి పిల్లలకు సోకకుండా తడిపి గీకాలి. రాయి, సున్నాలతో కట్టిన స్నానశాల ఎంతకాలం నిలుస్తుందో చూడాలంటే హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలోని హమాంకు వెళ్ళండి. గోల్కొండ పాలకుల మయ్యత్‌లకు ఆఖరి గుసుల్ ఇచ్చిన చోటది. శతాబ్దాలు గడిచాయి. అక్కడ ఎవరూ యాసిడ్ పోయలేదు!

ప్రశాంతత గురించి రెండు మాటలు. స్నానాల గదిలో మనసు కుదుటపడాలంటే కావలసినవి గాలి, వెలుతురు, పొడినేల. పర్దాకు భంగం లేకుండా గాలి రావాలంటే కిటికీని మనిషి తల కంటే పైన, కప్పుకు దగ్గరగా, సిమెంటు జాలీతో పెట్టించాలి. తలుపు కింద రెండు వేళ్ళ సందు వదిలితే కింది నుంచి గాలి వచ్చి పైనుంచి ఆవిరితో సహా పోతుంది. గ్యాస్ గీజరు ఉన్నవారికి ఇది ప్రాణం మీది మాట. మూసిన గదిలో గ్యాస్ మండితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మన దేశంలో ఏటా చలికాలం స్నానానికి వెళ్ళి తిరిగి రాని పిల్లల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. గీజరును గది బయట గోడకు బిగించి, నీటి పైపు మాత్రమే లోపలికి రానివ్వాలి. వెనుకటి రోజుల్లో పెరట్లో పొయ్యి మీద రాగి హండా పెట్టి నీళ్ళు కాచినవారికి ఈ బాధ లేదు.

మరుగుదొడ్డి, స్నానాల గది ఒకటే చేయడం కూడా మంచి పద్ధతి కాదని మా అభిప్రాయం. స్నానం చేసే చోట మూత్రవిసర్జన చేయరాదని, దానివల్ల మనసులో సందేహాల రోగం పుడుతుందని హదీసులో ఉంది. స్థలం చాలక రెండూ కలిపి కట్టుకున్నవారు మధ్య జానెడు గట్టు కట్టి రెండు తూములు వేరుగా పెట్టించుకోవచ్చు. వుజూకు మాత్రం పెరట్లోనో వరండాలోనో ఒక ఎత్తు బండ వేసుకుంటే ఎంతో హాయి. ఆ నీళ్ళు గోరింట మొక్కకో, అరటి పాదుకో పోతాయి. కుంకుడు నీళ్ళు కూడా మొక్కలకు నిరభ్యంతరంగా పోనివ్వవచ్చు.

నల్గొండ వారికి బండ ఎత్తు అన్నది చిన్న విషయం కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను వంగినవారు, మోకాళ్ళు బిగుసుకుపోయినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు గొంతుకు కూర్చోలేరు, వంగి చెంబు ముంచుకోలేరు. అలాంటి పెద్దలున్న ఇంట్లో కూర్చొని స్నానం చేసే రాతి అరుగు, పట్టుకోవడానికి గోడకు ఇనుప కమ్మీ, నడుము ఎత్తున నల్లా ఉండాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. ఫ్లోరైడ్ నీళ్ళతో స్నానం చేస్తే చర్మం గుండా ఒంట్లోకి పోతుందేమోనని కొందరికి భయం. దానికి చింతించనక్కర లేదు. హాని తాగడం వల్ల, వంట వల్ల. నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు, మరిగేకొద్దీ మరింత చిక్కబడుతుంది. పుక్కిలించే నీళ్ళు మింగకూడదని, బోరు నల్లాకు నోరు పెట్టి తాగకూడదని పిల్లలకు నేర్పండి. తాగడానికి శుద్ధిచేసిన కృష్ణా నీళ్ళే వాడండి.

ఆ కృష్ణా నీళ్ళు ఊరికే రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు మేరకు ఫ్లోరైడ్ బాధను దేశానికి చాటడానికి నామినేషన్లు వేసిన సామాన్యులే అందులో అత్యధికులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నీటిని శుద్ధి చేయడానికి నాగపూర్‌లోని 'నీరి' శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో రూపొందించిన పద్ధతికి 'నల్గొండ పద్ధతి' అన్న పేరే ప్రపంచమంతటా నిలిచింది. పాలమూరు సంగతి వేరే చెప్పాలా? నీళ్ళు లేకనే గదా తరాల తరబడి అక్కడి కూలీలు దేశమంతా వలసపోయి ఆనకట్టలు కట్టారు! అలాంటి నేల మీద పుట్టిన మనం షవరు కింద పది నిమిషాలు నిలబడితే ఎనభై, నూరు లీటర్లు పోతాయి. దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సా నుంచి అయిదు ముద్‌ల నీటితో గుసుల్ చేసేవారని హజ్రత్ అనస్ (ర) ఉల్లేఖించారు. ముద్ అంటే దోసెడు, నాలుగు ముద్‌లు ఒక సా. కొలతల్లో మజ్‌హబ్‌లను బట్టి తేడా ఉన్నా అంతా కలిపి ఒక చిన్న బకెట్టు దాటదు. బకెట్టు, చెంబు ఉన్న గుసుల్‌ఖానా వెనుకబడినదని ఎవరూ సిగ్గుపడనక్కర లేదు.

మరొక సంగతి. మన పట్టణాల్లో అత్యధిక ఇళ్ళ మురుగు సెప్టిక్ ట్యాంకులోకే పోతుంది. ఆ ట్యాంకు పనిచేసేది అందులోని సూక్ష్మజీవుల వల్ల. అవి మలాన్ని తిని నీరు చేస్తాయి. మోతాదు లేకుండా యాసిడ్, ఫినాయిలు పోస్తే ఆ జీవులు చస్తాయి. ట్యాంకు కంపు కొడుతుంది, త్వరగా నిండుతుంది. నిండితే ఎవరినో పిలుస్తాము. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా దిగుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. వారు ఏ కులం వారో, ఎవరి ఇంటి ఆకలి వారిని అందులోకి దించుతున్నదో మనకు తెలియనిది కాదు. మన ఇంటి తెల్లటి బండకూ ఆ మరణానికీ మధ్య ఉన్న దూరం ఒక తూము పొడవంతే.

చివరగా మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. చాలా మస్జిదుల్లో గురువారం రాత్రి వుజూఖానాను, మరుగుదొడ్లను యాసిడ్‌తో కడిగిస్తున్నారు. శుక్రవారం పొద్దున ఆ ఘాటు ఇంకా గాలిలోనే ఉంటుంది. వుజూ బండలు నాపరాళ్ళయితే ఏటేటా అరిగిపోతున్నాయి. ఒక బస్తా కుంకుడుకాయ కొని పెట్టుకుంటే ఆ బండలకు చాలాకాలం వస్తుంది. కమోడ్లకు నిమ్మ ఉప్పు చాలు. పెచ్చులు కొట్టి గింజ తీసే పని మొహల్లాలోని వితంతు స్త్రీలకు కూలి ఇచ్చి చేయించవచ్చు. బుధవారం రాత్రి నానబెట్టమని మొజ్జన్ సాహెబ్‌కు చెబితే, గురువారం అసర్ నాటికి రసం తయారుగా ఉంటుంది.